పెద్దాయన కోసం ఏరిన రాళ్లు

ఆఫ్రికాలో ఒక కొండ మీద సుత్తులతో రాగిరాయి కొట్టుకుని బతికే ఆడవాళ్లను, యూరప్‌లో కరెంటు తీగలు చేసే ఒక పెద్ద కంపెనీతో కలిపినవాణ్ణి నేను. విమానం ఎక్కలేదు, పాస్‌పోర్టు బీరువాలోంచి బయటికి తీయలేదు. తార్నాకలో మా ఇంటి హాల్లో, ఫ్యాను కింద, మోకాలికి తైలం రాసుకుని కూర్చుని ఈ పని చేశాను. మొత్తం మూడు వాక్యాలు మాట్లాడాను. మూడో వాక్యానికి ఆ కంపెనీ ఆవిడ తల ఊపింది.

పొద్దున క్యాంపస్‌లో నడిచేటప్పుడు ఈ సంగతి చెప్తే మా జట్టులో ఒకాయన నడక ఆపేశాడు. మెట్టుగూడ రైల్వే క్వార్టర్స్‌లో పెరిగి, రైల్వేలోనే గార్డుగా రిటైరైన మనిషి.

"మూడే మాటలా సార్? మీరా? మొన్న టైమెంతైందని అడిగితే గడియారం ఎట్ల పుట్టిందో గాడికెళ్లి మొదలువెట్టిండ్రు గదా!"

ఆయన మాటలో న్యాయం ఉంది. నేను సాగదీస్తాను. రాగిని ఎంత సాగదీసినా తెగదు, అందుకే తీగలకు పనికొస్తుంది. నా మాటలు అక్కడక్కడ తెగుతాయి. తెగిన చోట నేనే చెప్పేస్తాను, మీరు వెతుక్కోనక్కర్లేదు.

ముందుగా నేనెవరో చెప్పాలి. మా వీధిలో నన్ను 'గనుల ప్రొఫెసరు' అంటారు. అది నేను నాటిన మొక్కే. క్యాంపస్‌లో భూగర్భశాస్త్రం చెప్పి రిటైరైన మాట నిజం. అందులో నా వాటా రాళ్లను గుర్తుపట్టడం, గని నుంచి వచ్చిన రాయిలో లోహం ఎంతుందో తేల్చడానికి నమూనా ఎలా తీయాలో నేర్పడం. రాగి గని కడుపులో తిరిగానని ఎన్నో పెళ్లిళ్లలో, భోజనాల బల్లల దగ్గర చెప్పాను. దిగింది ఒక్కసారి. విద్యార్థులను ఉత్తరాదిన ఒక గనికి తీసుకెళ్లినప్పుడు, లిఫ్టు కిందికి దిగగానే నాకు కళ్లు తిరిగాయి. పిల్లలు గని చూశారు. నేను పైన మేనేజరు గదిలో నిమ్మకాయ నీళ్లు తాగాను. గని వాసన మాత్రం బాగా గుర్తుంది.

ఇక ఆ కొండ సంగతి మా ఇంటి పై భాగంలోంచి వచ్చింది. పై రెండు గదులు అద్దెకిస్తాం. అందులో ఉండే అమ్మాయిది ఆఫ్రికాలో రాగికి పేరుపడ్డ దేశం. దేశం పేరు చెప్తే కొండ పేరు అడుగుతారు, కొండ పేరు చెప్తే మనుషుల పేర్లు అడుగుతారు కాబట్టి ఇక్కడే ఆపుతున్నాను. డిగ్రీ ఈ ఊళ్లోనే చదివింది. అప్పుడు మాణికేశ్వర్ నగర్‌లో నలుగురితో కలిసి ఒక గదిలో ఉండేది. తెలుగు అక్కడే పట్టుబడింది. పీజీకి క్యాంపస్‌లో సీటొచ్చాక, చదువుకోవడానికి నిశ్శబ్దంగా ఉండే ఇల్లు కోసం తార్నాక అంతా తిరిగింది. గేటుకి టు-లెట్ బోర్డు వేలాడుతూనే ఉండేది, లోపలివాళ్లు మాత్రం ఇల్లు నిండిపోయిందనేవారట.

నేను విశాల హృదయంతో ఇల్లిచ్చానని నలుగురూ అనుకుంటారు. ఆ రోజు గేటు దగ్గర నేను అన్నది "ఆలోచించి చెప్తామమ్మా" అని. ఆలోచించేలోపు మా ఆవిడ తాళంచెవి తెచ్చి ఆ పిల్ల చేతిలో పెట్టేసింది. "ఏవండీ, ఆలోచించడానికి ఏముందండీ అందులో? ఎండలో నిలబెట్టి!" అంది. అప్పటినుంచి ఆ అమ్మాయికి మా ఆవిడ అమ్మమ్మ, నేను తాత. ముప్పై దాటిన మనిషికి తాతనవడం నాకు పెద్దగా నచ్చలేదు కానీ ఆ విషయంలో నన్నెవరూ అడగలేదు.

వాళ్లమ్మ ఆ కొండ మీద రాయి కొడుతుంది. ఆమె, మరికొందరు ఆడవాళ్లు సంఘం పెట్టుకుని, కొండలో ఒక ముక్కకు ప్రభుత్వం దగ్గర అనుమతి తెచ్చుకున్నారు. కొట్టిన రాయిని రోడ్డు పక్క రేకుల షెడ్డులో వ్యాపారికి అమ్మేవారు. అతనే తూచేవాడు, అతనే కంటితో చూసి రాయిలో రాగి ఎంతుందో చెప్పేవాడు. కొనేవాడే మార్కులు వేస్తే ఎవరు పాసవుతారు? పక్క షెడ్డుకి వెళ్తే అతనూ అదే మాట చెప్పేవాడట, మధ్యలో ఇద్దరూ ఫోన్లో మాట్లాడుకునేవారు కాబట్టి.

అప్పుడు వచ్చింది ఈ తీగల కంపెనీ. చిన్న గనుల వాళ్ల దగ్గర నేరుగా కొంటాం, పరీక్ష చేయించి ఎంత రాగి ఉంటే అంతకు ధర కడతాం అంది. కానీ కొన్ని ప్రశ్నలకు జవాబు కావాలంది. రాయి ఏ కొండది? కొట్టిన చేతులు పిల్లలవి కావు కదా? ఎవడో తుపాకీ చూపించి లాక్కున్న రాయి ఇందులో కలవలేదు కదా? గని నుంచి కొలిమి దాకా మధ్యలో పడ్డ ప్రతి చెయ్యీ కనపడాలి. మనం పాలవాణ్ణి అడిగేవే: ఏ గేదె, ఎవరు పితికారు, ఎక్కడి నీళ్లు. పాలవాడు చిరాకు పడతాడు. ఆ ఆడవాళ్లు సంతోషపడ్డారు, ఎందుకంటే వాళ్లు దాచాల్సింది ఏమీ లేదు.

ముందు ఒక సంచి నమూనా పరీక్ష చేయించి ఫలితం పంపాలి. తరవాత ఒక లారీ రాయి పంపాలి. లారీలోని రాగి నమూనాతో సరిపోతే ఆ కొండ కంపెనీ జాబితాలోకి ఎక్కుతుంది. కూతురు చదివే చోటే పరీక్ష చేసే లాబ్ ఉంది, కంపెనీ వాళ్లూ సరేనన్నారు. అలా ఆ సంచి ఆఫ్రికా నుంచి తార్నాకకు బయలుదేరింది.

సెలవులకు ఇంటికెళ్లి తిరిగొచ్చిన వాళ్ల దేశపు కుర్రాడొకడు, హబ్సిగూడలో ఉంటాడు, స్కూటీ మీద దాన్ని తెచ్చి దించేసి వెళ్లాడు. ఆ రోజు పై గది అమ్మాయికి క్యాంపస్‌లో పరీక్ష. సంచి నేనే విప్పాను. లోపల రంగుల బట్టలో మూట, మూటలో రాళ్లు.

అలాంటి రాళ్లు నేను పుస్తకాల్లోనే చూశాను. నెమలీక పచ్చ. ఒక్కో రాయి పిడికిలంత. ఎక్కడా దుమ్ము లేదు, మట్టి లేదు, రాగి లేని తెల్ల పెళ్ల లేదు. నూనెతో తుడిచినట్టు మెరుస్తున్నాయి. మా ఆవిడ వంటింట్లోంచి వచ్చి చూసి, "వినాయకచవితికి పత్రి కడిగినట్టు కడిగి పంపారే!" అంది.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. నమూనా ఎలా ఉండాలో నేను ఉద్యోగమంతా పాఠం చెప్పాను. గనిలో మంచి రాయి ఎంత ఉంటే సంచిలో అంతే ఉండాలి, చెత్త ఎంత ఉంటే అంతే ఉండాలి. చివరి బ్యాచీలకు అర్థమయ్యేలా చెప్పేవాణ్ణి: "నమూనా అంటే పెళ్లిచూపుల ఫొటో కాదు, ఆధార్ కార్డు ఫొటో." పిల్లలు నవ్వేవారు, పరీక్షలో అదే రాసేవారు.

ఆ మూట పెళ్లిచూపుల ఫొటో. చూడగానే తెలిసింది. తెలిసింది కానీ, చాలా ఏళ్ల తరవాత నా చేతిలోకి రాయి వచ్చింది. బరువు చూశాను, గోటితో గీశాను, ఇందులో ఇంత రాగి ఉంటుందని గోడ గడియారానికి వినపడేలా చెప్పాను. బాగున్నదాన్ని ఒకటి షోకేసులో కొండపల్లి ఏనుగు పక్కన పెట్టాను. మిగతావి కూరగాయల సంచిలో వేసుకుని ఆటో ఎక్కి క్యాంపస్‌కి వెళ్లాను.

లాబ్ ఇప్పుడు నా పాత విద్యార్థిని చేతుల్లో ఉంది. కడప వైపు మనిషి. సంచిలోకి చూసి, నా మొహంలోకి చూసింది.

"ఇది శాంపిలేనా సార్? లేకుంటే మన మ్యూజియానికా?"

"శాంపిలే."

"ఇంత బాగుండాయే రాళ్లు! ఎవురో ఏరినట్లుండారు సార్."

"కొండ మంచిది," అన్నాను.

గురువు మాట మీద ఆమె సంచి లోపలికి పంపేసింది. మరునాడు ఫలితం వచ్చింది. నేను గడియారానికి చెప్పిన అంకెకు దగ్గరగా ఉంది. ఆ ఆనందంలో హబ్సిగూడ వెళ్లి పెసరట్టు ఉప్మా తిని, ఇంట్లో తినలేదని చెప్పాను. అమ్మాయి ఫలితాన్ని కంపెనీకి పంపేసింది. నడకలో గార్డుగారికి చెప్పాను, కంటితో చూసి చెప్పింది మిషను ఒప్పుకుందని. ఆయన "మిషన్ పాస్ చేసిందా మిమ్మల్ని?" అన్నాడు.

లారీ వెళ్లిన కొన్ని వారాలకు ఒక సాయంత్రం అమ్మాయి మెట్లు దిగి వచ్చింది. మామూలుగా చెప్పుల చప్పుడు ముందొస్తుంది, ఆ రోజు రాలేదు. వంటింటి గుమ్మంలో కింద కూలబడింది. మా ఆవిడ గోంగూర వలుస్తోంది.

"లారీల సగమే వచ్చిందంట తాతా."

"సగం రాయా?"

"రాయి మొత్తం వచ్చింది. రాగి సగం. శాంపిల్‌ల ఎంతున్నదో గందుల సగం. మధ్యల ఎవరో బయటి రాయి కలిపిండ్రని అంటున్నరు. ఎక్కడిదో, పిల్లలు కొట్టిందో ఎవరికెరుక అంటున్నరు."

"ఇప్పుడేం చేస్తారే అమ్మాయ్?" మా ఆవిడ అడిగింది.

"వచ్చే వారం వీడియో మీటింగ్. మంచిగ జవాబు చెప్పకపోతే కొండ పేరు కొట్టేస్తరు. ఒక్కరు కొట్టేస్తే ఇంకో కంపెనీ ముట్టదు అమ్మమ్మా. మళ్ల గా రేకుల షెడ్డే. గా తక్కెడే."

అంటే ఆ కొండ మీద ఆడవాళ్లందరి అన్నం ఒక వారంలో తేలిపోతుంది. షోకేసు వైపు చూడకుండా ఉండడానికి కొంచెం కష్టపడ్డాను.

అమ్మాయి అక్కడే కూర్చుని వాళ్లమ్మకు ఫోన్ చేసింది. స్పీకరులో పెట్టింది. వాళ్ల భాష మాకు రాదు కానీ తల్లీకూతుళ్ల తగువు ఏ భాషలోనైనా ఒకటే రాగం. కూతురు గొంతు పెంచింది, తల్లి అంతకన్నా పెంచింది. వెనక ఇంకో ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లు అందుకున్నారు. తరవాత కూతురు ఒక్క ప్రశ్న నెమ్మదిగా అడిగింది. తల్లి చాలాసేపు చెప్పింది. వింటూ వింటూ అమ్మాయి నా వైపు తిరిగింది. ఫోన్ చెవికే ఉంది, చూపు మాత్రం నా మీదే.

"ఏమంటోంది?" అన్నాను.

"లారీల ఒక్క గుప్పెడు కూడ బయటిది లేదు, మొత్తం మాదే అంటున్నది. సంచి సంగతేందని అడిగిన. ఏరినం అంటున్నది."

"ఏరారా?"

"అందరు కూసొని ఏరిండ్రంట. కడిగి, తుడిచి, మంచి గుడ్డల కట్టిండ్రంట. గంత పెద్దమనిషికి పంపేటిది ఏరకుండ ఎట్ల పంపుతం, నువ్వే గదా చెప్పినవ్, అని నన్నే తిడుతున్నది."

మా ఆవిడ గోంగూర వలవడం ఆపింది. "నువ్వేం చెప్పావే?"

"నేనేం చెప్తా అమ్మమ్మా. తాత నాకేం చెప్పిండో గదే చెప్పిన. హిందుస్తాన్ల రాగి మొత్తం మా ఓనర్ తాత చేతుల మీదికెళ్లే పోయిందని."

పొయ్యి మీద కుక్కరు కూత పెట్టింది.

"మొత్తం అనలేదు," అన్నాను. "అన్నా, నమూనాలు అని అర్థం. అందులోనూ కొన్ని."

"సంచి విప్పినప్పుడు నువ్వు జూడలేదా తాతా?"

"చూశాను."

"మరి?"

"బాగున్నాయి."

అమ్మాయి తల ఆడించి మళ్లీ ఫోన్‌లోకి తిరిగింది. మా ఆవిడ గోంగూర కాడలన్నీ ఒక పక్కకు, ఆకులన్నీ ఒక పక్కకు తోసింది.

మళ్లీ నమూనా తీయాలి, ఈసారి పద్ధతిగా తీయాలి. ఆ పద్ధతి నాకు వచ్చు. నేనే కనిపెట్టానని రాయబోయి ఆగాను, గనులు పుట్టినప్పటినుంచీ ఉంది. రాయిని చిన్నగా కొట్టి, కలిపి, శంకువులా కుప్ప పోయాలి. పైన చదును చేసి, పలకతో నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి కోస్తే నాలుగు భాగాలవుతుంది. ఎదురెదురుగా ఉన్న రెండు ఉంచుకోవాలి, మిగతా రెండు పక్కకు తోసేయాలి. ఉంచుకున్నదాన్ని మళ్లీ కలిపి, మళ్లీ కుప్ప, మళ్లీ కోత. చివరికి పిడికెడు మిగులుతుంది. కుప్పంతా ఎలా ఉందో ఆ పిడికెడు అలాగే ఉంటుంది. మధ్యలో ఎవరి ఇష్టమూ కలవకూడదు, అదొక్కటే నియమం.

ఆదివారం పొద్దున మేడ మీద పాఠం. వడియాలు ఎండబెట్టే పట్టా పరిచాం. రాళ్ల బదులు బియ్యం, రాగి బదులు కందిపప్పు కలిపాను. అమ్మాయి ఫోన్‌ని నీళ్ల ట్యాంకు గోడకు ఆనించి వీడియో పెట్టింది. అటు తెరలో కొండ, ఎర్రమట్టి, వరసగా ఆడవాళ్లు, మధ్యలో వాళ్ల కుప్ప. వాళ్లమ్మ పొట్టి మనిషి, తలకు పసుప్పచ్చ గుడ్డ. నేను చెప్తుంటే అమ్మాయి వాళ్ల భాషలో చెప్పింది. కుప్ప పోశాను, కోశాను. ఇదిగో ఈ రెండూ మనవి, ఆ రెండూ మనవి కావు అన్నాను.

అటునుంచి ఒక్కసారిగా నవ్వు. నేను నా లుంగీ చూసుకున్నాను. అది బాగానే ఉంది. మా ఆవిడ వైపు చూశాను. పట్టా పక్కన సాయానికి కూర్చున్న మనిషి, నాకు తెలియకుండానే, తనకే తెలియకుండా, బియ్యంలోంచి మట్టిబెడ్డలూ నల్ల గింజలూ ఏరి పక్కన చిన్న కుప్ప పెట్టేసింది.

"ఏం చేస్తున్నావ్?"

"అయ్యో, చేతులండీ!" అంది. "బియ్యం కనపడితే ఆగవు."

తెరలో పసుప్పచ్చ గుడ్డావిడ ఏదో అంది. అమ్మాయి నవ్వుతూ చెప్పింది: "అమ్మమ్మ చేతులు కూడ మా చేతులే అంటున్నది."

అటు వాళ్ల వంతు వచ్చింది. కుప్ప పోశారు, కోశారు. రెండు భాగాలు పక్కకు తోయగానే ఒకావిడ చెయ్యి అందులోని పచ్చరాయి మీద పడింది, దాన్ని తెచ్చి ఉంచుకున్న భాగంలో వేసింది. పక్కావిడ ఆ చేతి మీద కొట్టింది. కొట్టిన చెయ్యే వెనక్కి వెళ్తూ ఇంకో పచ్చరాయి తీసుకొచ్చింది. మళ్లీ మొదలు. ఈసారి ఏ రెండు భాగాలు ఉంచుకోవాలన్న దగ్గర అందరూ పచ్చగా కనపడే వైపే చూపించారు. పుట్టినప్పటినుంచీ మంచి రాయి ఏరడమే పనైనవాళ్లను ఏరకండి అంటే ఎలా? నేను గట్టిగా నియమం చెప్పాను. నియమం విన్నారు, చేతులు వినలేదు.

మా ఆవిడే దారి చెప్పింది. ఆమెది కృష్ణా జిల్లా వైపు పల్లె. చెరువులో చేపలు పట్టినరోజు పోగులు వేసి పంచుకునేవారు. ఏ పోగు పెద్దదో అందరి కళ్లకూ తెలుసు కాబట్టి ఒకరిని అటు తిప్పి నిలబెట్టేవారు. ఇంకొకరు ఒక పోగు మీద వేలు పెట్టి "ఇదెవరికి?" అని అడిగేవారు. చూడకుండా నిలబడ్డ మనిషి పేరు చెప్పేది. అంతే, తగువు లేదు.

"అలా చెయ్యమని చెప్పవే అమ్మాయ్. ఒకరు వెనక్కి తిరిగి నిలబడండి. ఇది ఉంచాలా, తోసెయ్యాలా అని అడగండి. ఎదురు భాగానికీ అదే లెక్క. మిగతావాళ్లు చేతులు కట్టుకు కూచోండి."

పసుప్పచ్చ గుడ్డావిడ కుప్పకు వీపు పెట్టి నిలబడింది. మిగతావాళ్లు చేతులు బట్టల్లో దోపుకున్నారు. ఒకావిడ పార పెట్టి అడిగింది. ఈవిడ కొండ వైపు చూస్తూ జవాబు చెప్పింది. పచ్చటి భాగం తోసేయమన్నప్పుడు కూర్చున్నవాళ్లలోంచి ఒక మూలుగు వచ్చింది, చావింట్లో వచ్చేలాంటిది. కానీ ఎవరి చెయ్యీ బయటికి రాలేదు. అలా పిడికెడు దాకా వచ్చారు. బూడిద రంగు, దుమ్ము, అక్కడక్కడ పచ్చ. చూడ్డానికి ఏమీ బాగాలేదు. ఎంతో బాగుంది.

ఆ పిడికెడు సీలు వేసి, విమానపు కొరియరులో నేరుగా కంపెనీకే పంపారు, వీడియోతో సహా. నా దాకా రానివ్వలేదు. మంచి పనే. మీటింగుకు ముందు రోజే ఫలితం వచ్చింది. లారీతో సరిపోయింది. దాంతో బయటి రాయి కలిపారన్న మాట పోయింది. కానీ ఇంకో ప్రశ్న మిగిలింది. లారీ నిజమైతే మొదటి సంచి అబద్ధం. అబద్ధపు నమూనా పంపినవాళ్లతో రేపు వ్యాపారం ఎలా చేయాలి? మీటింగులో అడగబోయేది అదే అని కంపెనీ ఆవిడ ముందే రాసింది.

అమ్మాయి పైన తన గదిలోంచి, వాళ్లమ్మ కొండ మీద సిగ్నలు దొరికే చోటునుంచి, కంపెనీ ఆవిడ తన ఆఫీసులోంచి కూర్చున్నారు. నన్నూ ఉండమన్నారు, మొదటి సంచి విప్పింది నేను కాబట్టి. ఒకే గదిలో రెండు మిషన్లు పెడితే గోల చేస్తాయని అమ్మాయి కింద హాల్లో నా టాబ్లెట్ సిద్ధం చేసి ఇచ్చింది. "అన్నీ సెట్ చేసిన తాతా. ఏం ముట్టుకోకు. ఏమన్న అడిగితే నేను ఫోన్ చేస్త, అప్పటిదాంక కూసో," అంది. తెర మూలన ఎర్రగా చిన్న గుర్తు వెలుగుతోంది. రికార్డింగ్ అనుకుని ఒకసారి జుట్టు దువ్వుకున్నాను.

కంపెనీ ఆవిడ అడగాల్సింది అడిగింది. మర్యాదగానే అడిగింది కానీ మొహంలో ఏ భావమూ లేదు. వాళ్లమ్మ ఏదో కాసేపు చెప్పింది. అమ్మాయి దాన్ని ఇంగ్లీషులో చెప్పింది. నేను అది సరిగ్గా వినలేదు. నా మాటలు కూర్చుకుంటున్నాను. సందు దొరకగానే అందుకున్నాను.

"మేడమ్, రాళ్లతోనే నా జీవితం గడిచింది. ఆ సంచిలోవి ఆ కొండ రాళ్లేనని నా చేతులు సాక్ష్యం. తప్పు ఏరినవాళ్లది కాదు, ఏరినవని తెలిసీ మురిసిపోయి ఊరుకున్నవాడిది."

మూడు వాక్యాలు. మొదటిది కొంచెం సాగింది, రెండోది ఫరవాలేదు, మూడోది మాత్రం నా జీవితంలో నేను ఏ సవరణా లేకుండా చెప్పిన వాక్యం. అది చెప్పగానే ఆవిడ మొహం మారింది. తల ఊపింది. ఒకసారి కాదు, నెమ్మదిగా, ఆలోచించుకుంటూ ఊపింది. తరవాత తన నిర్ణయం చెప్పింది. కొండ పేరు జాబితాలో ఉంటుంది. ధర లారీలో ఉన్న రాగికే. ఇకనుంచి ప్రతి నమూనా ఆ వీపు తిప్పి నిలబడే పద్ధతిలోనే, కంపెనీ మనిషి చూస్తుండగా తీయాలి. కొండ మీద ఆడవాళ్లు లేచి అరిచారు, తెర ఊగిపోయింది. నేను టాబ్లెట్‌ని బోర్లా పెట్టి, మా ఆవిడను కాఫీ అడిగాను.

షోకేసులో రాయి ఇంకా ఉంది. తిరిగిచ్చేస్తానంటే కొండ మీది ఆడవాళ్లు ఉంచుకోమన్నారు. అదొక్కటే నిజంగా బహుమతి అన్నారట.

ఇదంతా రాశాక మొన్న మేడ మీద ఇద్దరికీ చదివి వినిపించాను. మా ఆవిడ నిమ్మకాయ నీళ్ల దగ్గర ఒకసారి, పెసరట్టు దగ్గర ఒకసారి నా వైపు చూసింది, అంతే. అమ్మాయి చివరిదాకా విన్నది.

"మంచిగనే రాసినవ్ తాతా. గా మూడు మాటలు తీసెయ్."

"అవే కదే అసలు!"

"నీ మైక్ బందుండె. నేనే బంద్ జేసి ఇచ్చిన. గా ఎర్ర గుర్తు గదే."

"మరి ఆవిడ తల ఊపిందిగా?"

"మా అమ్మకు ఊపింది. 'సంచిల పంపింది చుట్టాలకు పెట్టే కూర, లారీల పంపింది మేం రోజు తినేది. రెండూ మా పొయ్యి మీదియే' అని చెప్పింది మా అమ్మ. మేడమ్‌కు అది సమజైంది. నువ్వు ఎవ్వరికీ వినవడలే తాతా. పెదవులు కదిలినయ్, గంతే."